మా ముత్తాత పాము కరిచి పోయాడట! నిజమో కాదో తేల్చుకోవడం ఎలా?

వంశవృక్షం రాసుకునేవాళ్ళు పదేపదే అడిగే ప్రశ్న ఇది. "మా తాతగారి అన్న పాతికేళ్ళకే పాము కరిచి పోయాడని ఇంట్లో చెబుతారు. మరణ ధ్రువపత్రం తీయిస్తే అందులో ఆ ఊసే లేదు. కథంతా కల్పనేనా?"

కల్పన కానక్కర్లేదు. ఆ పత్రంలో కారణం కనబడకూడదని చట్టమే చెప్పింది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం 17వ సెక్షన్ ప్రకారం రిజిస్టరులోంచి ఎవరైనా నకలు తీసుకోవచ్చు. అయితే మరణానికి సంబంధించిన నకలులో చావుకు కారణం మాత్రం బయటపెట్టకూడదు. కాబట్టి ధ్రువపత్రం చేతికొచ్చాక "ఇందులో లేదు కాబట్టి జరగలేదు" అనుకుంటే అక్కడే దారి తప్పుతారు.

"పాము కరిచి పోయాడు" అన్న చిన్న వాక్యంలో మూడు సంగతులున్నాయి. ఫలానా మనిషి ఫలానా రోజు ఫలానా ఊళ్ళో పోయాడన్నది ఒకటి. పోవడానికి కారణం పాము అన్నది రెండోది. అది ఫలానా పాము అన్నది మూడోది. మూడింటికీ రుజువులు మూడు వేర్వేరు చోట్ల ఉంటాయి. మొదటిది తేల్చకుండా రెండోదాని వెంట పడితే నెలలు గడుస్తాయి, ఫలితం ఉండదు.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

ఒక నోటుపుస్తకం, ఫోనులో రికార్డరు. పోయిన మనిషి పూర్తి పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, ఊళ్ళో పిలిచిన పేరు. ఇంట్లో తద్దినం పెట్టే తిథి. పాత పంచాంగం, లేదా వెనకటి సంవత్సరాల తిథులు చూపించే పంచాంగం వెబ్‌సైటు. ఊరి పాత తాలూకా, జిల్లా పేర్లు. ఇంట్లో ట్రంకుపెట్టె ఉంటే దాని తాళంచెవి. ఇది వేళాకోళానికి అన్నమాట కాదు. పట్టా కాగితాలు, బీమా రసీదులు, ఆసుపత్రి చీటీలు ఒకే కట్టగా చుట్టి ఆ పెట్టె అడుగునే పడేసి ఉంటారు.

1. కథను విన్నది విన్నట్టు రాసుకోండి

ఇంట్లో ఉన్న పెద్దవాళ్ళతో మొదలుపెట్టండి. అయితే "ఏ పాము కరిచింది మామ్మా?" అని మొదలెట్టొద్దు. అలా అడిగితే నూటికి తొంభైమంది "నాగుపామే" అంటారు. మనకు తెలిసిన పాము అదే, గుళ్ళో ఉన్నదీ అదే. దాని బదులు ఇవి అడగండి:

పొద్దునా, సాయంత్రమా, రాత్రి పడుకున్నాకా? పొలంలోనా, ఇంట్లోనా, గడ్డివాములోనా, పిడకల గూటిలోనా? నేల మీద పడుకున్నాడా, మంచం మీదా? కరిచినట్టు తనకు తెలిసిందా? కాలు వాచిందా? రెప్పలు వాలిపోయాయా? నోట్లోంచి, చిగుళ్ళలోంచి రక్తం వచ్చిందా? మూత్రం ఆగిపోయిందా? ఎంతసేపు బతికాడు, గంటలా, రోజులా? ఎవరి దగ్గరికి తీసుకెళ్ళారు? అప్పుడు పొలంలో ఏ పని నడుస్తోంది, నాట్లా, కోతలా?

ఆఖరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గానీ చాలా పనికొస్తుంది. ఏడాది మరిచిపోయిన ముసలమ్మ కూడా "అప్పుడు వేరుశనక్కాయ పీకుతున్నాం" అని చెప్పగలదు. దాంతో నెల తెలిసిపోతుంది.

మాట దగ్గర జాగ్రత్త. చాలా ఇళ్ళలో చీకటి పడ్డాక పాము పేరెత్తరు, "పురుగు" అంటారు. "పురుగు ముట్టింది", "పురుగు కుట్టింది" అంటే పాము కరిచిందనే. పట్నంలో పెరిగిన మనవలు దాన్ని తేలనో జెర్రి అనో రాసేసుకుంటారు. ఇంకా ఘోరమైన పొరపాటు, "పురుగు" అని పెద్దాయన చెప్పినదాన్ని "పురుగుల మందు" అని అర్థం చేసుకుని ఆత్మహత్యగా రాసుకోవడం. అనుమానం వస్తే మళ్ళీ అడగండి. పగటిపూట అడగండి.

తిరగేసిన తప్పు కూడా ఉంది. ఊళ్ళో పరువు కోసం ఉరినో, బావిలో పడ్డ చావునో, కొట్లాటనో "పాము కరిచింది" అని సర్దేసిన ఇళ్ళున్నాయి. ముఖ్యంగా కొత్తగా పెళ్ళైన ఆడపిల్ల చావు విషయంలో అందరూ ఒకే వాక్యం అప్పజెబుతూ, వివరాల దగ్గర ఒక్కొక్కరూ ఒక్కో రకంగా చెబుతుంటే ఆగి ఆలోచించండి. నలుగురి ముందు నిలదీయొద్దు. ఆమె పుట్టింటివాళ్ళను విడిగా అడగండి.

2. తిథిని తేదీగా మార్చండి

కాగితం ఒక్కటీ లేని ఇంట్లో కూడా తద్దినం తిథి మాత్రం చెక్కుచెదరదు. తేదీకి అంతకన్నా గట్టి ఆధారం మనకు అరుదు. "శ్రావణ బహుళ పంచమి" అని నెల, పక్షం, తిథి చెప్పగలుగుతారు. లోటు ఏడాది ఒక్కటే. నామ సంవత్సరం కూడా చెబితే పని సగం అయినట్టే. 60 ఏళ్ళకోసారి అదే పేరు తిరిగొస్తుంది కాబట్టి వయసునుబట్టి సరైన చుట్టును ఎంచుకోవాలి.

ఒక లెక్క చూద్దాం. విరోధి నామ సంవత్సరం, శ్రావణ బహుళ పంచమి. విరోధి 1889లో వచ్చింది, 1949లో వచ్చింది, 2009లోనూ వచ్చింది. పోయినాయన తమ్ముడు 1930ల్లో పుట్టాడంటే 1949 అన్నమాట. ఆ ఏడు శ్రావణ పౌర్ణమి ఆగస్టు 8, 9 ప్రాంతంలో పడింది కాబట్టి బహుళ పంచమి 12, 13 తేదీల దగ్గర ఉంటుంది. ఇక రిజిస్టరులో ఆగస్టు 10 నుంచి నెలాఖరు దాకా వెతకాలి. ఒక్క తేదీ దగ్గరే ఆగొద్దు. చావు కబురు ఊరి లెక్కలు రాసే కరణానికి ఆలస్యంగా చేరేది, ఆయన రాసేది ఇంకో రోజు.

ఇక్కడ ఎక్కువమంది చేసే తప్పులు మూడు. నామ సంవత్సరం ఉగాదికి మొదలవుతుంది, జనవరికి కాదు. అందుకే విరోధిలో మాఘమాసం అంటే 1950 అవుతుంది. రెండు, అధికమాసం ఉన్న ఏడాదిలో అధిక, నిజ మాసాలు రెండూ చూడకపోవడం. మూడు, ఉత్తరాది పంచాంగం వెబ్‌సైటు వాడటం. వాళ్ళకు నెల పౌర్ణమితో ముగుస్తుంది, మనకు అమావాస్యతో. బహుళ పక్షంలో వాళ్ళ నెల పేరు మనకంటే ఒకటి ముందుంటుంది. దాన్ని చూసుకోకపోతే నెలరోజులు తేడా కొడుతుంది.

పాత రెవెన్యూ కాగితాల్లో ఫసలీ సంవత్సరం, అంటే శిస్తు లెక్కల ఏడాది, ఉంటుంది. దానికి 590 కలపండి. మద్రాసు ప్రాంతంలో ఫసలీ జూలై 1న మొదలవుతుంది, అంటే ఫసలీ 1359 అంటే 1949 జూలై నుంచి 1950 జూన్ దాకా. నిజాం రాజ్యంలో లెక్క అదే గానీ ఏడాది అక్టోబరులో ఆజూర్ నెలతో మొదలయ్యేది. బహమన్, తీర్, మెహర్ లాంటి నెలల పేర్లు కనిపిస్తే అది హైదరాబాదు ఫసలీ అని గుర్తు.

3. ఆ రోజుల్లో ఊరు ఎవరి కింద ఉందో చూసుకోండి

ఈ మెట్టు దాటేసినవాళ్ళే తప్పు కార్యాలయం గుమ్మంలో నిలబడి వెనక్కి వస్తారు. మండలాలు 1985లో వచ్చాయి, అంతకుముందు తాలూకాలు. ప్రకాశం జిల్లా 1970లో ఒంగోలు జిల్లాగా ఏర్పడింది, కాబట్టి 1950ల్లో పోయిన ఒంగోలు మనిషిని గుంటూరు జిల్లా కాగితాల్లో వెతకాలి. తెలంగాణలో 2016లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో జిల్లాలు మళ్ళీ చీలాయి.

చావులు రాసిన మనిషి కూడా మారతాడు. కోస్తా, రాయలసీమల్లో మునసబు, కరణం. తెలంగాణలో పోలీసు పటేలు, మాలీ పటేలు, పట్వారీ. 1984 జనవరిలో ఈ ఉద్యోగాలన్నీ రద్దయ్యాయి. వాళ్ళ దగ్గరున్న పుస్తకాల్లో కొన్ని తాలూకా కచేరీకి చేరాయి, కొన్ని ఇళ్ళలోనే ఉండిపోయాయి. కరణంగారి వారసులు ఊళ్ళో ఉంటే వెళ్ళి మర్యాదగా కలవండి. చెదలు తిన్న కట్టలో కూడా ఒక్కోసారి మీ పేజీ మిగిలి ఉంటుంది.

4. మరణ రిజిస్టరు

ఊరైతే పంచాయతీ కార్యదర్శిని, పట్నమైతే మున్సిపాలిటీ ఆరోగ్య విభాగాన్ని అడగండి. పాత ఊరి రిజిస్టర్ల కోసం తహసీల్దారు కార్యాలయానికి దరఖాస్తు రాయాలి. దరఖాస్తులో పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఊరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు వెతకాలో రాయండి. "1940ల్లో ఎప్పుడో" అని రాస్తే ఎవరూ వెతకరు. నెల రోజుల వ్యవధి ఇస్తే వెతుకుతారు.

వెతికి దొరక్కపోతే "రికార్డు అందుబాటులో లేదు" అన్న ధ్రువపత్రం అడిగి తీసుకోండి. అది ఓటమి పత్రం కాదు. ఎక్కడ వెతికారో, ఏ ఏళ్ళు చూశారో దాని మీద ఉంటుంది, రేపు మీ తర్వాతివాళ్ళు మళ్ళీ అదే గుమ్మం ఎక్కనక్కర్లేదు.

రిజిస్టరు చదివేటప్పుడు పేరు ఒక్కటే పట్టుకుని వెళ్ళొద్దు. ఆడవాళ్ళు "ఫలానావాడి భార్య" అని, పసివాళ్ళు "మగశిశువు", "ఆడశిశువు" అని మాత్రమే ఉంటారు. ఇంటిపేరు లేకపోవచ్చు. తండ్రి పేరు, వయసు, వీధి కలిపి చూసుకోండి. వయసు అయిదేళ్ళు అటూఇటూ ఉన్నా కంగారుపడొద్దు, అప్పట్లో వయసు కళ్ళతో చూసి వేసిందే.

1970కి ముందరి కరణం పుస్తకమే ఎవరింట్లోనో కంటబడితే కారణం గడి తప్పకుండా చదవండి. "పాము కాటు", "సర్పదష్టం", "విషం", ఇంగ్లీషులో అయితే "స్నేక్ బైట్" అని ఉంటుంది. తెలంగాణ వైపు ఉర్దూలో అయితే "సాంప్" అన్న మాటో, "మార్‌గజీదా" అన్న పారసీ మాటో వెతకమని చదివి పెట్టేవాళ్ళతో చెప్పండి. "జ్వరం" అని ఉంటే మాత్రం దాన్ని వేదవాక్కుగా తీసుకోకండి. కరణానికి కారణం తెలియనప్పుడు చేతికి అలవాటైన మాట అది.

క్రైస్తవ కుటుంబాలకు ఇంకో దారి ఉంది. గుంటూరు లూథరన్, ఒంగోలు, నెల్లూరు బాప్టిస్టు సంఘాల పాత ఖనన రిజిస్టర్లు అడగండి, కొన్నింట కారణం కూడా రాసి ఉంటుంది. ఈ దారిలో వెళ్ళేటప్పుడు బాప్తిస్మం పేరు, ఊరి పేరు రెండూ పట్టుకెళ్ళండి.

5. కారణానికి అసలు రుజువు ఎక్కడుంటుంది?

పోలీసు కాగితాల్లో. పాము కరిచి చచ్చిపోవడం చట్టం దృష్టిలో అసహజ మరణం. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 174వ సెక్షన్‌లో జంతువు వల్ల చనిపోయినవాళ్ళ మాట నేరుగానే ఉంది. 1898 నాటి కోడ్‌లోనూ సెక్షన్ నంబరు అదే. ఇప్పుడది భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 194వ సెక్షన్. అంటే పోలీసులకు కబురందితే శవపంచనామా జరగాలి, దాంట్లో గాటు ఎక్కడుందో, ఎవరు చూశారో, ఎక్కడ పడుకున్నాడో అన్నీ ఉండాలి.

ఉండాలి అన్నాం, ఉంటాయని కాదు. వెనకటి రోజుల్లో "పాము కరిచింది, దహనం చేసేశాం" అంటే అక్కడితో సరి. పంచనామా జరిగినా స్టేషనులో పాత ఫైళ్ళు గడువు తీరాక తగలబెట్టేస్తారు. 40, 50 ఏళ్ళ కిందటి చావుకు స్టేషను చుట్టూ తిరిగేకంటే, ఆ కాగితాల నకళ్ళు ఇంకెక్కడికి వెళ్ళి ఉంటాయో ఆలోచించడం మేలు:

ప్రమాద బీమా: పాముకాటు ప్రమాద మరణం కింద వస్తుంది కాబట్టి డబ్బు తీసుకున్నప్పుడు ఎఫ్ఐఆర్, పంచనామా, పోస్టుమార్టం నివేదిక జతచేసి ఉంటారు. ఆ నకలు ఇంట్లో ఉండే అవకాశం ఎక్కువ. తెలంగాణ రైతుబీమా (2018 ఆగస్టు 14 నుంచి) సంగతి వేరు. అది ఏ కారణంతో పోయినా వచ్చే 5 లక్షలు, అందుకని ఆ ఫైల్లో పాము ప్రస్తావన లేకపోతే ఆశ్చర్యపోవద్దు.

ఉద్యోగి అయితే సర్వీసు పుస్తకం, కుటుంబ పింఛను ఫైలు. రైల్వే, నీటిపారుదల, అటవీశాఖల్లో పనిలో ఉండగా జరిగితే పరిహారం ఫైలు వేరే ఉంటుంది.

ఆసుపత్రిలో మెడికో లీగల్ రిజిస్టరు, అంటే పోలీసులకు చెప్పాల్సిన కేసులు రాసే పుస్తకం. దీని మీద మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోకండి. 2001 నుంచి 2003 మధ్య మరణాల మీద దేశమంతా జరిగిన సర్వేలో పాముకాటు చావుల్లో ఆసుపత్రిలో జరిగినవి నాలుగో వంతుకన్నా తక్కువ. ఏడాదికి దాదాపు 46,000 మంది పోతుంటే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 5,200 మంది అని ఆ లెక్క తేల్చింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మీ ముత్తాత ఆసుపత్రి గడప తొక్కాడనుకోవడం కష్టమే. మంత్రగాడి దగ్గరికో, పసరు వైద్యుడి దగ్గరికో తీసుకెళ్ళి ఉంటారు. వాళ్ళు రిజిస్టర్లు రాయరు.

సమాచార హక్కు చట్టం కింద కూడా అడగొచ్చు. గ్రామస్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండలానికి 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు. "ఇది మరొకరి వ్యక్తిగత సమాచారం" అని తిప్పి పంపితే, ఆ చట్టం 8(3) సెక్షన్ చూపించండి. 20 ఏళ్ళు దాటిన సంగతులకు చాలావరకు మినహాయింపులు వర్తించవని అందులో ఉంది. మీకు ఆ మనిషికి ఉన్న బంధుత్వాన్ని కూడా ఒక కాగితం మీద రాసి జతచేయండి.

6. పాత పత్రికలు

తేదీ తేలాక మాత్రమే పత్రికల జోలికి వెళ్ళండి. కృష్ణాపత్రిక 1902లో బందరులో మొదలైంది. ఆంధ్రపత్రిక 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టి 1914లో మద్రాసులో దినపత్రికైంది. గోలకొండ పత్రిక 1926 నుంచి హైదరాబాదులో నడిచింది. వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయంలో పాత సంచికల బైండ్లు ఉన్నాయి. ప్రెస్ అకాడమీ కూడా చాలా సంచికలను స్కాన్ చేయించింది. స్కాన్లు బొమ్మలే కాబట్టి పేరు టైపు చేసి వెతకలేరు, తేదీ పట్టుకుని పేజీలు తిప్పాల్సిందే.

చావు జరిగిన రోజు నుంచి పదిహేను రోజులు చూడండి. మొదటి పేజీ వదిలేసి, జిల్లా వార్తలు, "మా విలేఖరి" జాబుల దగ్గర ఆగండి. "సర్పదష్టుడై", "విషపురుగు కరచి" అన్న మాటలు చూసుకోండి. కూలివాడి చావు పత్రికలో ఎక్కకపోవడమే మామూలు. మోతుబరి, స్కూలు మాస్టరు, ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలు, ఇలాంటివే ఎక్కేవి.

మద్రాసు ఇంగ్లీషు పత్రికల్లో "కోబ్రా డి కపెల్లో" అంటే మన నాగుపాము. "కార్పెట్ స్నేక్" అంటే మాత్రం ఇంట్లో కనబడ్డ ఏ పామైనా కావచ్చు. దాన్ని పట్టుకుని జాతి తేల్చొద్దు.

ప్రభుత్వం వేసిన పాత వార్షిక నివేదికల్లో జిల్లాల వారీగా పాముకాటు చావుల లెక్కలు దొరుకుతాయి. అందులో పేర్లుండవు. మీ జిల్లాలో ఆ ఏడు ఎంతమంది పోయారో తెలుస్తుంది, అంతే. దాన్ని మీ ముత్తాతకు రుజువుగా రాయకూడదు.

7. భూమి కాగితాలతో సరిపోల్చండి

మనిషి పోయాక పట్టా వారసుల పేరుకు మారుతుంది. తెలంగాణలో దీన్నే ఫౌతీ, విరాసత్ అంటారు. ఏ పొలం ఎవరి పేరున ఉందో ఏటా రాసే అడంగల్‌లో, పహాణీలో అంతకుముందు ఏడాది ఆయన పేరుండి, తర్వాత ఏడాది భార్యదో కొడుకుదో ఉంటే చావు ఆ మధ్యలో జరిగిందని దాదాపుగా చెప్పొచ్చు. అయితే చాలా ఇళ్ళలో పట్టా మార్పిడి ఇరవై ఏళ్ళకు గానీ జరగదు, అన్నదమ్ములు పంచుకునేదాకా చనిపోయిన తండ్రి పేరే నడుస్తుంది. కాబట్టి "ఇంకా పేరుంది, బతికే ఉన్నాడు" అన్న లెక్క పనికిరాదు.

8. ఏ పాము?

ఇక మూడో సంగతి. మన నేల మీద చావులకు ఎక్కువగా కారణమైనవి నాలుగు. లక్షణాలు, చోటు, వేళ కలిపి చూస్తే ఏదయ్యుండొచ్చో చెప్పవచ్చు. ఖాయంగా చెప్పలేరు.

కట్లపాము: నల్లటి ఒంటి మీద సన్నని తెల్ల కట్లు. రాత్రి ఇళ్ళలోకి వస్తుంది, నేల మీద పడుకున్నవాళ్ళను కరుస్తుంది. గాటు కనబడకపోవచ్చు, నొప్పి, వాపు ఉండవు. తెల్లారేసరికి కడుపునొప్పి, వాంతి, రెప్పలు వాలడం, మాట ముద్దవడం, చివరికి ఊపిరి ఆగడం. ఇంట్లో "రాత్రి బాగానే అన్నం తిని పడుకున్నాడు, పొద్దున లేవలేదు" అన్న కథ ఉంటే మొదట దీన్నే అనుమానించండి. "గాలి సోకింది", "దిష్టి" అని చెప్పుకున్న చావుల్లో కొన్ని దీనివే అయ్యుండాలి.

నాగుపాము, అంటే తాచు: కరిచినచోట నొప్పి, వాపు, తర్వాత చర్మం నల్లబడటం. రెప్పలు వాలడం, ఊపిరాడకపోవడం గంటల్లోనే. సాధారణంగా మనిషి చూస్తాడు, పడగ గుర్తుంటుంది. నల్లతాచు, గోధుమతాచు, కోడెనాగు అని ఊరికో పేరు.

రక్తపింజర: ఒంటి మీద గొలుసులా పెద్ద మచ్చలు, కుక్కర్ ఈల లాంటి బుస. వరిపొలం, గట్లు, కోతలు. కాలు బాగా వాస్తుంది, చిగుళ్ళలో, మూత్రంలో రక్తం, తర్వాత మూత్రం ఆగిపోతుంది. "మూడు రోజులు బతికి పోయాడు", "వారం తర్వాత ఒళ్ళంతా ఉబ్బి పోయాడు" అంటే బహుశా ఇదే. రిజిస్టరులో ఆ వారం తేడాతో "ఉబ్బు" అని కారణం రాసి ఉండొచ్చు, గుర్తుపెట్టుకోండి.

చిన్నపింజర: అడుగు నుంచి రెండడుగుల పొడవు, పొలుసులు రాసుకుంటూ రంపం శబ్దం చేస్తుంది. రాళ్ళనేల, మెట్టభూములు. రక్తం గడ్డకట్టక రోజుల తరబడి కారడం దీని గుర్తు.

ఈ పేర్లు కూడా ఊరూరా మారతాయి. ఈస్టిండియా కంపెనీ తరఫున విశాఖపట్నంలో పనిచేసిన ప్యాట్రిక్ రస్సెల్ 1796లో కోరమాండల్ తీరపు పాముల మీద పుస్తకం వేశాడు. అందులో రక్తపింజరను స్థానికులు పిలిచిన "కాటుకరేకుల పొడ" అన్న పేరుతోనే రాశాడు. పసుపు, నలుపు పట్టీల పామును "బంగారం పాము" అన్నాడు. శాస్త్రజ్ఞులు కట్లపాముల జాతికి పెట్టిన "బంగారస్" అన్న పేరు ఆ తెలుగు మాటలోంచి పుట్టిందే. మీ మామ్మ "పొడపాము" అంటే కొత్త పామేదో అనుకోకండి, పింజర గురించి చెబుతోందేమో చూసుకోండి.

కొన్ని కథలు ఇక్కడే పడిపోతాయి. జెర్రిపోతుకు, నీరుకట్టెకు ప్రాణం తీసే విషం లేదు. "నీరుకట్టె కరిచి పోయాడు" అంటే, చూసినవాళ్ళు పామును పొరబడ్డారు లేదా చావు వేరే కారణంతో జరిగింది. కృష్ణా డెల్టా వరిచేలో "రాచనాగు కరిచింది" అన్నా అంతే. దాని చోటు ఉత్తరాంధ్ర వైపు తూర్పు కనుమల అడవిపట్టు, అక్కడ గిరినాగు అంటారు. డెల్టాలో చూసింది పెద్ద తాచై ఉంటుంది.

9. సముద్రం దాటిపోయినవాళ్ళ సంగతి

కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి, మద్రాసు నుంచి కూలీలుగా ఓడెక్కినవాళ్ళ వారసులు ఈ ప్రశ్న ఎక్కువగా అడుగుతున్నారు. అక్కడి నేలలో ఏ పాములున్నాయో ముందు చూడండి. మారిషస్‌లో మనిషి ప్రాణం తీసే నేలపాము లేదు. ఫిజీలోనూ అంతే, ప్రమాదమంటూ ఉంటే సముద్రపు పాముతోనే. ఆ రెండు చోట్ల "చెరకు తోటలో పాము కరిచి పోయాడు" అని కథ ఉంటే, అది ఓడెక్కకముందు ఇక్కడే జరిగిన ఇంకొకరి చావు అయ్యుండొచ్చు. రెండు తరాల కథలు ఒకటిగా అతుక్కోవడం మామూలే. 1860 నుంచి మనవాళ్ళు వెళ్ళిన దక్షిణాఫ్రికాలోని నటాల్‌లో మాత్రం మాంబాలు, నాగులు, పఫ్ యాడర్లు అనే విషపాములు ఉన్నాయి, కథ నమ్మదగ్గదే. బర్మా వరిచేలల్లో అక్కడి రకం రక్తపింజర చాలామందిని చంపింది, కాబట్టి రంగూన్ వైపు వెళ్ళిన తాత సంగతి కొట్టిపారేయకండి.

మారిషస్ వాళ్ళ కోసం మోకాలో మహాత్మాగాంధీ సంస్థ, ఫిజీవాళ్ళ కోసం సువాలోని జాతీయ ఆర్కైవ్స్ కూలీల కాగితాలు ఉంచుతాయి. వెతికేటప్పుడు కూలీ నంబరు ఉంటే పేరుకన్నా అది ముఖ్యం. తెలుగు పేర్లను అక్కడి గుమాస్తాలు చెవికి వినపడ్డట్టు రాశారు.

10. సరిచూసుకోవడం, రాసుకోవడం

అంతా పోగయ్యాక మూడు సంగతులకూ విడివిడిగా మార్కు వేసుకోండి. తేదీకి రెండు వేర్వేరు ఆధారాలు ఉండాలి, తిథి ఒకటి, రిజిస్టరు ఒకటి. ఒకరి నోట విన్నది నలుగురు చెప్పినా అది ఒక్క ఆధారమే. కారణానికి అప్పటి కాగితం ఒక్కటైనా ఉంటే "పాముకాటు" అని రాయండి. లేకపోతే "పాముకాటు అని ఇంట్లో చెప్పుకుంటారు" అని రాయండి, ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో కూడా. పాము జాతి దగ్గర "బహుశా" అన్న మాట తీసేయొద్దు.

వీటిని రుజువులుగా తీసుకోవద్దు: ఇంట్లో పిల్లలకు నాగయ్య, నాగమణి, సుబ్బారావు, సుబ్రహ్మణ్యం అని పేర్లుండటం, చెట్టుకింద నాగప్రతిష్ఠ చేసి ఉండటం, కాళహస్తిలో పూజ చేయించడం. పిల్లలు పుట్టాలని మొక్కుకున్నవాళ్ళూ ఇవన్నీ చేస్తారు. అయితే నాగశిల మీద సంవత్సరం, పేరు చెక్కి ఉంటే ఫోటో తీసుకోండి. అక్షరాలు అరిగిపోతే రాయిని గీకొద్దు, సున్నం పూయొద్దు. పొద్దున్నే ఏటవాలు ఎండలో, లేదా టార్చిలైటు పక్కనుంచి వేసి తీస్తే చెక్కుడు తేలుతుంది. పుట్ట పక్కన ఉన్న రాయైతే ఆ పని పట్టపగలే, చెప్పులు కాకుండా బూట్లు వేసుకుని చేయండి.